నందికొండ శాసనములు – ఉన్నత పాఠశాలలో పరభాషాధ్యయనము

కృష్ణానదికి ఉత్తరపు ఒడ్డున నల్లగొండ జిల్లాలో నందికొండ, దక్షిణపు ఒడ్డున పలనాటి సీమలో శ్రీపర్వత విజయపురులు. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్టకు మొదట నందికొండ ప్రాజెక్టు అనియే వ్యవహారము. నాగార్జునసాగరమను పేరు పిదప స్థిరపడినది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అను స్థానికోపాధ్యాయుడు ఒక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేయగా, శాసన శాఖలో తెలుగు సహాయకుడుగా నున్న రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించెను. తరువాత లాంగ్‌హర్స్టు, టి.ఎన్. రామచంద్రన్, చివరకు నీరు నిండుటకు ముందు 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము త్రవ్వకములు జరిపిరి. ఇంత పెద్ద అన్వేషణమునకు బీజము వేసినవాడు ఒక బడిపంతులు అనుట ఉపాధ్యాయలోకము మరువరాని విషయము.

ఆ లోయలో దొరకిన శాసనములలో భాషాధ్యయన చరిత్రను తెలియగోరువారు మొదట చదువవలసినది ఉపాసిక బోధిసిరి వేయించినది. దీనిని వోగెల్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా ఇరువదవ సంపుటమున ప్రకటించెను. ఇక్ష్వాకు ప్రభువైన మాఠరీపుత్ర వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యవర్షమున, విజయపురికి తూర్పుదిక్కున శ్రీపర్వతముపై నున్న చుళధమ్మగిరి విహారమునందు ఆమె ఒక చైత్యగృహమును కట్టించి, తామ్రపర్ణీయులైన స్థవిరాచార్యులకు సమర్పించినది. ఆ ఆచార్యులు ఏయే దేశములను ప్రసన్నము చేసిరో శాసనము వరుసగా పేర్కొనుచున్నది. కాశ్మీరము, గాంధారము, చీనా, చిలాతము, తోసలి, అపరాంతము, వంగము, వనవాసి, యవనము, దమిళము, పలూర, తామ్రపర్ణీ ద్వీపము. మొత్తము పండ్రెండు పేర్లు. చిలాతము కిరాతదేశముగను, తోసలి, పలూరలు నేటి ఒడిశా ప్రాంతములుగను పండితులు గుర్తించిరి.

ఈ పట్టికను అక్షరసత్యముగా గ్రహింపవచ్చునా అను ప్రశ్న కలదు. మొగ్గలిపుత్త తిస్సస్థవిరుడు పంపిన ధర్మదూతలను గూర్చి మహావంశము చెప్పిన పట్టికలో కాశ్మీర గాంధారములు, వనవాసము, అపరాంతము, యోనలోకము, లంక ముందే ఉన్నవి. కావున శాసనములోని పేర్లలో కొన్ని సంప్రదాయముగా వచ్చినవే. కాని చీనా, చిలాతము, తోసలి, వంగము, దమిళము, పలూర అనునవి ఆ పట్టికలో లేవు. స్తుతివాక్యమున అతిశయోక్తి ఉన్నను, కొత్తగా చేర్చిన పేర్లు ఆ కాలపు రాకపోకలను తెలిసినవారు చేర్చినవే యగును. తీరమున నున్న పలూరను ఊహచేత సృష్టింపవలసిన పని లేదు. ఆ శాసనమే ఇదే కొండపై సింహళ విహారమొకటి కలదనియు, అందు బోధివృక్ష ప్రాసాదమును బోధిసిరి కట్టించినదనియు తెలుపుచున్నది. అనగా పరదేశీయులు ఇచ్చట నివసించిరి. వారు ఇచ్చటివారితో మాటలాడిరి. ఏ భాషలో?

బౌద్ధ వాఙ్మయమున ఈ ప్రశ్నకు పాతదైన ఒక చర్చ ఉన్నది. వినయపిటకమునందలి చుల్లవగ్గములో యమేలుడు, తేకులుడు అను ఇద్దరు బ్రాహ్మణ సోదరులైన భిక్షువులు బుద్ధుని కడకు పోయి, నానా జనపదములనుండి వచ్చినవారు తమతమ పలుకుబడులతో బుద్ధవచనమును చెడగొట్టుచున్నారనియు, దానిని ఛందస్సులోనికి మార్తుమనియు విన్నవించిరి. బుద్ధుడు అందుకు అంగీకరింపలేదు. ‘స్వకీయ నిరుక్తి’లో అభ్యసింపుడని ఆదేశించెను. ‘స్వకీయ’ అనగా బుద్ధుని భాషయా, వినువాని భాషయా అనుచోట వ్యాఖ్యాతలకు భేదము వచ్చినది. బుద్ధఘోషుడు దానిని మాగధి అనెను. ఆధునికులలో పెక్కుమంది శిష్యుని భాష అనిరి. ఈ రెండర్థములలో దేనిని గ్రహించినను విద్యాబోధనకు సంబంధించిన మూల సమస్య తొలగదు. ఒక అర్థమున పాఠ్యము పోవు చోటికి శిష్యుడు రావలెను, మరియొక అర్థమున శిష్యుడున్న చోటికి పాఠ్యము పోవలెను. నేటి ఉన్నత పాఠశాలలోని పరభాషా తరగతి కూడ ఈ రెంటి నడుమనే ఊగుచున్నది.

శాసనభాషను గూర్చి ఇంకొక మాట. విజయపురి శాసనములలో అధికభాగము ప్రాకృతము. ఎహువుల చాంతమూలుని కాలమునకు సంస్కృతము ప్రవేశించినది. ఆతని పదునొకండవ రాజ్యవర్షమున ఎలిసిరి అను సేనాపతి కట్టించిన సర్వదేవాలయపు శాసనము సంస్కృతమున నున్నది. ఈ రెండును ఈ నేలపై పుట్టి పెరిగిన సామాన్యుని ఇంటి భాషలు కావు. తెలుగు వాక్యములతో కూడిన శాసనములు రేనాటి చోడుల కాలమున, క్రీస్తుశకము ఆరవ శతాబ్ది చివరి భాగమున గాని కనబడవు. కావున శాసనమును చెక్కిన శిల్పి మొదలు దానిని చదివిన భిక్షువు వరకు అందరును పరభాషను నేర్చినవారే. బోధిసిరి శాసనమున శిల్పి పేరు విధికుడని ఉన్నది. ఆతడు ఇంట ఏ భాష మాటలాడెనో శాసనము చెప్పదు. ఉలి పట్టినప్పుడు ఏ భాష వ్రాసెనో రాయి చూపుచున్నది.

ఇత్సింగ్ చెప్పిన పాఠ్యక్రమము

పరభాషను ఎట్లు నేర్చిరను విషయమున శాసనములు మౌనము వహించినను, యాత్రికులు వ్రాసిరి. హుయన్‌త్సాంగ్ ఏడవ శతాబ్ది పూర్వార్ధమున ధాన్యకటకమునకు వచ్చి, సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువుల యొద్ద మహాసాంఘికుల అభిధర్మమును కొన్ని నెలలు చదివెనని ఆతని జీవితచరిత్ర చెప్పుచున్నది. ప్రతిగా వారు ఆతనియొద్ద మహాయాన శాస్త్రములు చదివిరి. ఇచ్చట గురుశిష్యులు పరస్పరము స్థానములు మార్చుకొనుట గమనింపదగినది.

ఇంతకంటె ప్రయోజనకరమైన సాక్ష్యము ఇత్సింగ్‌ది. ఆతడు 671లో చీనా దక్షిణ తీరమునుండి ఓడ యెక్కి శ్రీవిజయమున దిగెను. అది నేటి సుమత్రా. నేరుగా భారతదేశమునకు రాక, అచ్చట ఆరు నెలలు ఆగి శబ్దవిద్యను ఆరంభించెను. 673లో తామ్రలిప్తి చేరి, నాలందకు పరుగెత్తక మరల ఒక సంవత్సరము సంస్కృతమును అభ్యసించెను. పిదపనే నాలందలో పది సంవత్సరములు. తన గ్రంథమున భారతదేశపు వ్యాకరణ విద్యాక్రమమును వయస్సులతో సహా తెలిపెను. ఆరేండ్ల బాలునకు వర్ణమాలా సంయుక్తాక్షరములను బోధించు సిద్ధము ఆరు నెలలు. ఎనిమిదవ యేట పాణిని సూత్రములు ఎనిమిది నెలలు. పదవ యేట ధాతుపాఠాది ఖిలములు మూడు సంవత్సరములు. పదునైదవ యేట వృత్తిసూత్రము అయిదు సంవత్సరములు. ఈ వృత్తి జయాదిత్యుని కాశిక యని పెక్కుమంది అభిప్రాయము. చీనానుండి వచ్చువారు ముందుగా ఈ వ్యాకరణమును అభ్యసించిన పిదపనే ఇతర శాస్త్రములకు పోవలెనని ఆతడు హెచ్చరించెను.

ప్రాచ్య కళాశాలలలోని అధ్యాపకులకు ఈ క్రమము కొత్తది కాదు. నేటికిని అది మన యొద్ద శిథిలరూపమున నిలిచియే ఉన్నది. కాని ఇత్సింగ్ వాక్యములలో తరచుగా విస్మరింపబడుచున్నది ఆతని సొంత ప్రయాణక్రమము. సంస్కృతము తెలిసినవారు, తన మాతృభాష తెలిసినవారు కలిసి యుండు చోట ఆతడు మొదట ఆగెను. తామ్రలిప్తిలో ఆతనికి చదువు చెప్పిన భిక్షువు హుయన్‌త్సాంగ్ శిష్యుడే. అనగా పరభాషకు మొదటి మెట్టు మాతృభాషా జ్ఞానము గల గురువు. తరువాతనే పరభాషలో మునుగుట. ‘మాతృభాషను పూర్తిగా విడిచిన గాని పరభాష రాదు’ అను నేటి వాదమునకు ఆతని జీవితము ప్రతికూల సాక్ష్యము.

ఈ సందర్భమున సుహృల్లేఖ కూడ స్మరణీయము. శాతవాహన ప్రభువునకు ఆచార్య నాగార్జునుడు వ్రాసిన లేఖగా ప్రసిద్ధమైన ఈ గ్రంథము చీనా భాషలోనికి ముమ్మారు అనువదింపబడినది. గుణవర్మయు సంఘవర్మయు అయిదవ శతాబ్దిలోను, మరల ఇత్సింగును అనువదించిరి. చదువు ఆరంభించినవారు దానిని కంఠస్థము చేయుదురని ఇత్సింగ్ చెప్పెను. సంస్కృత మూలము నష్టమై, చీనా, టిబెట్టు భాషలలో మాత్రము నిలిచినది. ఒక గ్రంథము తన పుట్టినింట లేక పరభాషలలో బ్రతికి యుండుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము తెలుగుదేశ చరిత్రలో వెదకవలసిన పని లేదు.

పారశీక, ఉర్దూ విద్య

నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలలో పాఠశాలాగతమైన పరభాషాధ్యయనమునకు రెండవ ఘట్టము నిజాము కాలము. 1884లో న్యాయస్థానములలో పారశీకమునకు బదులు ఉర్దూ వచ్చినది. 1917లో అనువాద సంస్థయు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఏర్పడిన పిదప ఉన్నత పాఠశాలలోను ఉర్దూయే బోధనా భాష. ఇంగ్లీషు తప్పనిసరి భాషగా నుండెను. తెలుగు ఇంటిలో మాటలాడు బాలుడు గణితమును, చరిత్రను ఉర్దూలో చదివి, ఇంగ్లీషును భాషగా చదివెను. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రికను వెలువరించిన షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ఇంటిపేరే పారశీక పదము. తెలుగు భాష కొరకు పోరాడిన పత్రికకు ఆ పేరు గల సంపాదకుడుండుట ఈ సీమ స్వభావమును తెలుపును.

ఈ విద్య గొప్ప బహుభాషావేత్తలను ఇచ్చినది. ఆనాటి మహబూబ్‌నగరు జిల్లా కల్వకుర్తి తాలూకా పడకల్లులో 1899లో జన్మించిన బూర్గుల రామకృష్ణారావు తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారశీకము, మరాఠీ, కన్నడము, ఇంగ్లీషు తెలిసినవాడు. పారశీక వాఙ్మయ చరిత్రను తెలుగున వ్రాసెను. శంకరుల సౌందర్యలహరిని తెనిగించెను. గద్వాల ప్రాంతమున 1896లో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డి సంస్కృతమును కర్నూలులో వెల్లాల శంకరశాస్త్రి యొద్ద అభ్యసించి, పారశీక ఉర్దూలతో పరిచయము గడించెను. ఆంధ్రుల సాంఘిక చరిత్రమున పరభాషా పదముల విచారణ అంత విరివిగా నుండుటకు ఆ విద్యయే కారణము.

అయినను ఈ ఉదాహరణములను చూపి ఆ పద్ధతిని ప్రశంసించుట న్యాయము కాదు. వీరు పరభాషను భాషగా నేర్చి గొప్పవారైరి; పరభాషయే సకల విద్యలకు ద్వారమైనందువలన బడి విడిచిన వేలాది పిల్లల పేర్లు ఏ గ్రంథమునను లేవు. భాషను నేర్చుట వేరు, భాష ద్వారా మాత్రమే నేర్చుట వేరు. నిజాము కాలపు ఉర్దూ మాధ్యమమును తప్పుపట్టిన పెద్దలలో పలువురు ఉర్దూ పారశీకములను ప్రేమించినవారే యగుట ఈ భేదమును స్పష్టపరచుచున్నది.

నేటి స్థితి

1968 నాటి జాతీయ విద్యావిధానము త్రిభాషా సూత్రమును ప్రకటించినది. తెలంగాణమున దాని రూపము తెలుగు, హిందీ, ఇంగ్లీషు. 2018లో తెలంగాణ శాసనసభ తెలుగు బోధనను అన్ని బోర్డుల పాఠశాలలలోను తప్పనిసరి చేసినది. 2022–23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. దీనితో ఇంగ్లీషు ‘నేర్వవలసిన పరభాష’ అను స్థానమునుండి ‘నేర్చుటకు సాధనము’ అను స్థానమునకు జరిగినది. ఉర్దూ ఖాళీ చేసిన స్థానము ఇదియే.

ఇంగ్లీషును మినహాయించిన విదేశభాష రాష్ట్ర ఉన్నత పాఠశాలలో ఎచ్చట కలదు? ఈ ప్రశ్నకు లభించు సమాధానము ఆశ్చర్యకరము. పదవ తరగతి పరీక్షల ప్రణాళికలో ఓరియంటల్ పాఠశాలల ప్రధాన భాషా పత్రములుగా సంస్కృతముతోపాటు అరబ్బీ కనబడును. ప్రాచ్య విద్యాలయములనగా పాతకాలపు సంస్థలని కొందరు తలచుచుండగా, రాష్ట్ర బోర్డులో ఇంగ్లీషుకు వెలుపలి విదేశభాషకు ఆశ్రయమిచ్చినవి అవియే. ఇంటర్మీడియేటున ద్వితీయ భాషగా ఫ్రెంచి కూడ కలదు. కాని అచ్చట దానికిని సంస్కృతమునకును ఒకే గతి పట్టినది. మార్కులు సులభముగా వచ్చునను పేరుతో విద్యార్థులు సంస్కృతమును ఎన్నుకొందురు. జవాబులలో పెక్కింటిని తెలుగులోనో ఇంగ్లీషులోనో వ్రాయుదురు. రెండు సంవత్సరముల పిదప ఒక సరళ వాక్యమును కూర్పలేరు. సంస్కృతాధ్యాపకులకు ఇది ఉద్యోగ రక్షణమైనను విద్యారక్షణము కాదు. నూటికి తొంబదియైదు మార్కులు వచ్చిన భాష నోట రాకపోవుట ఏ పరీక్షా విధానమునకును గౌరవము కాదు. జపనీసునో కొరియనునో ఇదే చట్రమున బిగించినచో దాని గతియు ఇట్లే యగును.

సంస్కృతమును విదేశభాషతో పోటీకి నిలిపిన దురదృష్టకర ఘట్టము 2014లో జరిగినది. కేంద్రీయ విద్యాలయములలో 2011నుండి తృతీయ భాషగా నడచిన జర్మనుకు బదులు, ఆ సంవత్సరము నవంబరులో సంస్కృతము నిర్ణయింపబడినది. అప్పటికి విద్యాసంవత్సరము సగము దాటినది. సంస్కృతాభిమానులు కొందరు దీనిని విజయముగా భావించిరి. కాని సంవత్సరము నడుమ భాషను మార్చబడిన బాలునకు ఆ భాషపై కలుగు భావము ఎట్టిదో ఊహింపవచ్చును. భారతదేశమున జర్మను చదివినవాడు సంస్కృతమునకు శత్రువు కాడు. ధాతువులను, విభక్తులను ఒకమారు అర్థము చేసికొన్నవానికి రెండవ భాషలో అవి తేలిక.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఉన్నత పాఠశాల స్థాయిలో నేర్పదగిన విదేశభాషలుగా కొరియను, జపనీసు, థాయి, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, పోర్చుగీసు, రష్యను అను వానిని ఉదాహరించినది. 2019 నాటి ముసాయిదాలోనున్న చీనా భాష తుది ప్రతిలో లేదు. ఉపాధ్యాయులు ఎవరు, ఎచ్చటినుండి వత్తురు అనుచోట మాత్రము స్పష్టత తక్కువ. హైదరాబాదులో 1958లో ఏర్పడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ 1972లో విదేశభాషలను చేర్చుకొని, 2007లో విశ్వవిద్యాలయమైనది. ఆ సంస్థకును పెద్దవూర, తిరుమలగిరి మండలముల ఉన్నత పాఠశాలలకును నడుమ దూరము కిలోమీటర్లలో కొలువదగినది కాదు.

ఏ భాష ద్వారా?

విదేశభాషా బోధనలో అందరును దాటిపోవు ప్రశ్న ఒకటి కలదు. జపనీసునో ఫ్రెంచినో తెలుగు బాలునకు ఇప్పుడు బోధించునది ఇంగ్లీషు ద్వారా. పాఠ్యగ్రంథములు ఇంగ్లీషున నుండుటయే కారణము. దీనివలన కలుగు నష్టమును ఒక వాక్యముతో చూపవచ్చును. ‘నేను బడికి పోవుదును’ అను దానికి జపనీసున ‘వతాషి వా గక్కో ని ఇకిమాసు’ అందురు. వతాషి – నేను. గక్కో – బడి. ని – కి. ఇకిమాసు – పోవుదును. క్రియ చివరనే వచ్చినది; విభక్తి ప్రత్యయము నామమునకు వెనుకనే వచ్చినది. తెలుగు వాక్యముపై జపనీసు వాక్యమును పరచిన చాలును. కాని పాఠ్యగ్రంథము ముందుగా ఇంగ్లీషు వాక్యమునిచ్చి, క్రియను చివరకు జరుపుమనియు, ముందున్న విభక్త్యర్థకమును వెనుకకు తిప్పుమనియు బాలునకు బోధించును. తనకు పుట్టుకతో వచ్చిన క్రమమును విడిచి, కష్టముతో నేర్చిన క్రమమునుండి మరల తన క్రమమునకు వచ్చుట! కొరియనుకును ఇదియే న్యాయము.

వర్ణక్రమమున లాభము ఇంకను ఎక్కువ. జపనీసు అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అను అచ్చులతో ఆరంభమై, క, స, త, న, హ, మ, య, ర, వ అను వరుసలో సాగును. బౌద్ధభిక్షువుల సిద్ధలిపి అధ్యయనమువలన సంస్కృత వర్ణమాల ఆ దేశమున ఈ క్రమమును నెలకొల్పినది. చ వర్గ స్థానమున స యుండుట ఆ భాషా ధ్వని చరిత్రకు సంబంధించినది. థాయి లిపి దక్షిణ భారత లిపులనుండి ఖ్మేరు లిపి ద్వారా పుట్టినది. అందును కవర్గాది క్రమము కలదు. థాయిలో భాషను ‘ఫాసా’ అందురు, ఆచార్యుని ‘ఆచాన్’ అందురు, గురువును ‘ఖ్రూ’ అందురు. ఉచ్చారణ మారినను వ్రాతలో సంస్కృత వర్ణములు చాలవరకు నిలిచియే యున్నవి. సింహళములో బడిని ‘పాసల’ అందురు. అది పాఠశాలా శబ్దభవము. ఇట్టి సంబంధమును చూపగలవాడు సంస్కృతము తెలిసిన తెలుగు పండితుడు. విదేశభాషలు వచ్చినచో తమ గంటలు పోవునని భయపడు భాషా పండితులు ఈ విషయమును ఆలోచింపవలసి యున్నది. ఆసియా ఖండపు భాషల విషయమున వారి విద్య అడ్డంకి కాదు, పూర్వరంగము.

ఐరోపా భాషల విషయమున ఈ వాదము ఇంత బలముగా చెల్లదనుట ఒప్పుకొనవలెను. ఫ్రెంచికి ఇంగ్లీషు దగ్గరి త్రోవ. ఉపాధి కొరకు జర్మను కోరువానికి థాయి నేర్పుట సమాధానము కాదు. అయితే ఒక ప్రాంతపు పాఠశాలకు ఏ విదేశభాష తగినదను విషయమున ఆ ప్రాంతపు చరిత్రకును మాట చెప్పు హక్కు కలదు. 2022 మే 14న నాగార్జునసాగరమున ప్రారంభమైన బుద్ధవనము 274 ఎకరముల విశాలమైనది. శ్రీలంకలోని అవుకన బుద్ధుని ప్రతిరూపము అందు నిలిచినది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీకి వచ్చిన విదేశీయులు దానిని దర్శించిరి. సింహళ, థాయి, జపాను దేశముల బౌద్ధులకు పవిత్రమైన ఈ లోయలో వారితో వారి భాషలో నాలుగు మాటలాడగల బాలబాలికలు నందికొండలో ఉండుట అసాధ్యము కాదు. సింహళము జాతీయ విధానపు పట్టికలో లేదు. బోధిసిరి శాసనమును ఆధారము చేసికొని యోచించినచో ఆ పట్టికలో ముందుండవలసినది అదియే.

తండా బాలుడు, శాసన పదములు

‘విదేశభాష’ అనునపుడు ఎవరికి విదేశము అని అడుగక తప్పదు. నందికొండ చుట్టుపట్ల, దేవరకొండ వైపున లంబాడా తండాలు అనేకము. ఆ ఇండ్లలో పలుకునది గోర్ బోలి. బడిలో చేరిన నాడు ఆ బాలునకు తెలుగే పరభాష. ఇంగ్లీషు మాధ్యమము వచ్చిన పిదప రెండవ పరభాష మొదటి దినముననే వచ్చి చేరుచున్నది. ఉన్నత పాఠశాలకు వచ్చుసరికి హిందీ మూడవది. సంయుక్త ఆంధ్రప్రదేశమున 2004 ప్రాంతమున ఎనిమిది గిరిజన భాషలలో ఆరంభించిన బహుభాషా విద్యా కార్యక్రమమున లంబాడీ ఒకటి. తెలుగు లిపిలో వాచకములు ముద్రింపబడినవి. అది ప్రాథమిక తరగతులకు పరిమితమైనది. ఉన్నత పాఠశాల గడప దాటలేదు.

ఈ బాలుని భాషాసంపదను తరగతి గది లోపముగా చూచుచున్నది. నిజమునకు అది ఇతరులకు లేని పెట్టుబడి. గోర్ బోలి ఆర్యభాషా కుటుంబమునకు చెందినది. నీరు ‘పాణి’, చేయి ‘హాత్’, ఇల్లు ‘ఘర్’. హిందీ పాఠమున ఆతడు తెలుగు బాలునికంటె ముందుండవలెను. సంస్కృత పాఠమున పానీయ, హస్త, గృహ శబ్దములకు ఆతని నోటిలోనే ఉదాహరణములున్నవి. ఉపాధ్యాయుడు అడుగకపోవుటయే లోపము.

బోధిసిరి శాసనమునే తొమ్మిదవ తరగతికి పాఠముగా చెప్పినచో ఏమి జరుగునో చూడవచ్చును. అందు చైత్యగృహమునకు ‘చేతియఘర’ అను ప్రాకృత రూపము కలదు. ‘ఘర’ అనగా నేమని అడిగినచో తెలుగు బాలుడు తడుముకొనును. తండా బాలుడు వెంటనే ఇల్లనును. పదునేడు వందల ఏండ్ల నాటి రాతిపై తన ఇంటి మాటను చదువగలవాడు ఆ తరగతిలో ఆతడొక్కడే. ఆ శాసనముననే మండప స్తంభమునకు ‘ఖంభ’ శబ్దము వాడబడినది. అది తెలుగు బాలునకు కంబమను మాటగా తెలియును. మహాధమ్మగిరిపై కట్టించిన ఒక గదికి ‘ఓవరక’ అని పేరు. సంస్కృతమున అపవరకము, తెలుగున ఓవరి. ఈ మాట నేటి వాడుకలో సన్నగిల్లినను కావ్యములు చదివిన పండితునకు సుపరిచితము. ఒక్క శాసనమున మూడు మాటలు: ఒకటి తండా బాలుడు తెలుపునది, ఒకటి తెలుగు బాలుడు తెలుపునది, ఒకటి పండితుడు తెలుపవలసినది. తత్సమ తద్భవ విభాగమును సూత్రములతో బోధించి విసిగిన తరగతికి ఇది వేరు రుచి.

ఇట్టి పాఠము విదేశభాష కాదు గదా యని ఆక్షేపము రావచ్చును. ధ్వనులు ఒక క్రమమున మారుననియు, ఒక భాష తెలిసినవాడు పొరుగు భాషలోనికి ఆ క్రమమును పట్టుకొని పోవచ్చుననియు బాలునకు ఒకమారు అనుభవమునకు వచ్చినచో, థాయిలోని ‘ఫాసా’, సింహళములోని ‘పాసల’ ఆతనికి భయము గొల్పవు. ఇంగ్లీషున మార్కులు తక్కువ వచ్చినందువలన ‘భాషలు రావు’ అను ముద్ర పడిన పిల్లలలో ఇట్లు పదములను పట్టుకొనగలవారు పెక్కుమంది ఉన్నారు.

శాసనపు పాఠము ఎపిగ్రాఫియా ఇండికా సంపుటమున దొరకును. ‘చేతియఘర’ శబ్దమును బ్రాహ్మీ అక్షరములలో నల్లబల్లపై వ్రాసి చదివించుటకు ఒక పీరియడును, దేశనామములను పటముపై గుర్తింపజేయుటకు ఒకటియు, పై మూడు పదముల విచారణకు మరియొకటియు సరిపోవును. సంస్కృతము గాని తెలుగు గాని బోధించు పండితులకు ఇందుకు ప్రత్యేక శిక్షణ అక్కరలేదు. గోర్ బోలి మాటలను మాత్రము పిల్లలనే అడిగి వ్రాసికొనవలెను.